తరిమెన పనికి మెఱుగు



నేటి ప్రసంగ విషయము తరిమెన పట్టిన కొయ్య వస్తువులకు మెఱుగు పెట్టుట. తరిమెన యనగా కొయ్యను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగా చెక్కెడి సాధనము. దీనిని ఉర్దూ మాటతో ఖరాదు అనియు, ఇటీవలి వాడుకలో లేతు అనియు పిలుచుచుందురు. పేరు ఏదైనను పని యొక్కటియే. మంచపు కోళ్ళు, ఉయ్యాల తొట్టి కమ్ములు, మజ్జిగ చిలికెడి కవ్వము, పప్పుగుత్తి, అప్పడముల కర్ర, పిల్లల బొంగరము, పసిబిడ్డ చేతి గిలక, ఇవి యన్నియు తరిమెన మీద రూపు దిద్దుకొన్నవే.

ఇంత చిన్న విషయమునకు రేడియోలో ఒక ప్రసంగ మేల యని తమకు తోచవచ్చును. కారణ మిది. వేల్పూరు మొదలైన మన గ్రామములలో మనుమరాలికి తొట్టి చేయించు వారును, అంగన్వాడీకి బొమ్మలు తెప్పించు వారును, పెండ్లికి పందిరిమంచము పురమాయించు వారును పెద్దలే. పెద్దలు పనివానిని కొయ్య యేది యని అడుగుదురు. కూలి యెంత యని అడుగుదురు. ఎన్నడు ఇత్తువని అడుగుదురు. దేనితో మెఱుగు పెట్టితివని అడుగువారు అరుదు. ఆ వస్తువును బిడ్డ నోటిలో పెట్టుకొనునప్పుడు బిడ్డ నాలుకకు తగులునది కొయ్య కాదు, ఆ మెఱుగే. కావున మెఱుగు ఎన్నిక అంగడిలోని తళతళను బట్టి కాక, ఆ వస్తువు ఎవరి చేతికి, ఏ పనికి పోవునో దానిని బట్టి జరుగవలయును. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యింతే. తక్కినది దానికి వివరణము.

మొదట మెఱుగు అనునది యేమిటో చూతము. కొయ్య చచ్చిన పిమ్మటను గాలిలోని తేమను పీల్చుచు విడుచుచు నుండును. వానకాలమున ఉబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. చెమట, మురికి, నూనె దాని సన్నని రంధ్రములలో చేరి నల్లబఱచును. పైపూత ఈ రాకపోకలను తగ్గించును. పోగుల అందమును పైకి తెచ్చును. బల్లకును బీరువాకును కుంచెతో పూత పూయుదురు. తరిమెన పనికి అంతకంటె సులువైన మార్గమొకటి కలదు. వస్తువు తరిమెన మీద తిరుగుచుండగనే గుడ్డతో ఒత్తిపట్టిన ఒరపిడి వలన వేడి పుట్టును. అరచేతులు రెండును గట్టిగా రుద్దుకొన్నచో వెచ్చబడుట మన మెఱిగినదే. ఆ వేడి మెఱుగు పదార్థమును కరగించి, పఱచి, క్షణములలో ఆరబెట్టును. దీనినే ఒరపిడి మెఱుగు అందురు. ఎండబెట్టు పని లేదు, దుమ్ము అంటుకొను భయము లేదు. తరిమెన నుండి దింపుసరికి వస్తువు మెఱయుచుండును.

ఈ మెఱుగునకు ప్రధానమైన ద్రవ్యము లక్క. లక్క యొక చిన్న పురుగు చేయు పదార్థము. మోదుగ, రేగు మొదలైన చెట్ల లేత కొమ్మలపై ఈ పురుగులు గుంపులుగా చేరి, రసమును పీల్చి, తమ చుట్టును ఒక గట్టి జిగురును కట్టుకొనును. ఆ కొమ్మలను విఱిచి జిగురును రాల్చినచో కొమ్మలక్క. దానిని దంచి కడిగినచో గింజలక్క. దానిని కరగించి పలుచని రేకులుగా లాగినచో అంగళ్ళలో చపడా అని అమ్మెడి రేకులక్క. మన దేశమున లక్క ఎక్కువగా ఝార్ఖండు, ఛత్తీస్‌గఢ్ అడవులలో పండును. రాంచీ సమీపమున నామ్‌కుమ్‌లో 1924లోనే లక్కపై పరిశోధన చేయుటకు ఒక సంస్థ ఏర్పడినది. విస్తరాకులకు మనము కోయు మోదుగ చెట్టే ఆ పురుగునకు నిలయమని తలచినచో లక్క మనకు పరాయి వస్తువు కాదని తెలియును.

లక్క గుణములు మూడు గుర్తుంచుకొనదగినవి. మొదటిది, అది విషము కాదు. మిఠాయిలకును, ఔషధపు మాత్రలకును నిగనిగలాడు పూతగా శుద్ధిచేసిన లక్కను వాడుచున్నారు. రెండవది, అది గట్టిది, సూక్ష్మమైన గీతను సైతము నిలుపునది. పాత గ్రామఫోను పలకలు లక్కతో చేసినవే. వినైలు పలకలు వచ్చువఱకు పాట యంతయు లక్క గీతలలోనే యుండెడిది. మూడవది, అది వేడికి లొంగునది. 70, 80 డిగ్రీల వేడికి మెత్తబడి కరగును. నిప్పు తగిలినచో మండును. లక్క యిల్లు కట్టించిన దుర్యోధనుడు ఈ గుణమును ఎఱిగియే కట్టించెను. ఒరపిడితో లక్క పఱచుకొనుటయు, వేడి పాత్ర క్రింద లక్క చెడుటయు ఈ మూడవ గుణము వలననే. కావున లక్కకు గల బలమును బలహీనతయు ఒక్క చోటనే యున్నవి.

లక్కను తరిమెన మీద వాడుటకు రెండు పద్ధతులు కలవు. ఒకటి పొడి లక్క పద్ధతి, మఱియొకటి ద్రవపు పద్ధతి.

పొడి లక్క పద్ధతికి తెలుగునాట పేరుపొందిన ఊరు ఏటికొప్పాక. వరాహ నది యొడ్డున గల ఆ గ్రామము ఒకప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. అచ్చటి పనివారు అంకుడు కొయ్యను తరిమెన పట్టి బొమ్మలు చేయుదురు. అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండును. ఉలికి పెళుసు విఱుగదు. లక్కను వేడిచేసి, రంగు కలిపి, పిండివలె మఱిమఱి లాగి మడచి కడ్డీలుగా చేసి యుంచుకొందురు. బొమ్మ రూపు తేలిన పిమ్మట, అది తిరుగుచుండగనే, కడ్డీని దాని కానించి నొక్కుదురు. ఒరపిడి వేడికి కడ్డీ కొన కరగి కొయ్యమీద పట్టెవలె పఱచుకొనును. పిదప ఎండిన మొగలి ఆకుతో ఒత్తిపట్టినచో పూత సమమై అద్దమువలె మెఱయును. కుంచె లేదు, స్పిరిటు లేదు, వాసన లేదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రసాయనపు రంగులను విడిచి ఆకు, గింజ, వేరు రంగులకు ఆ పనిని మఱల త్రిప్పుటకు పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము దక్కినది.

మనకు పొరుగుననే, ఆర్మూరు దాటి గోదావరికి ఆవలి యొడ్డున, నిర్మల ఉన్నది గదా, ఆ బొమ్మల సంగతి యేమని తాము అడుగవచ్చును. నిర్మల బొమ్మలు పొనికి కర్రతో చెక్కి, అతికి, కుంచెతో రంగు వేసినవి. పొనికి దూదివలె తేలిక. అది చెక్కుడు పనికి తగినది. ఆ పని గొప్పదే గాని అది వేఱొక విద్య. ఒరపిడి మెఱుగునకు ఏటికొప్పాకయే మనకు సరియైన ఉదాహరణము.

ఇక ద్రవపు పద్ధతి. మన ఊళ్ళలో వడ్రంగి దుకాణములకు ఇది యెక్కువ అనువైనది. దీనికి కావలసినవి మూడే: రేకులక్క, స్పిరిటు, ఆరెడి నూనె. వంద మిల్లీలీటర్ల స్పిరిటునకు ఇంచుమించు 25 గ్రాముల రేకులక్క చొప్పున గాజు సీసాలో వేసి, మూత పెట్టి, నడుమ నడుమ కదుపుచు ఒక దినము నానవేయవలయును. కరగిన పిదప పలుచని బట్టతో వడగట్టవలయును. ఈ లక్కనీరు ఒక పాలు, స్పిరిటు ఒక పాలు, అవిసె గింజల నూనె ఒక పాలు కలిపినచో ఒరపిడి మెఱుగు సిద్ధమగును. నిలువయుంచినచో నూనె వేఱుపడును గనుక వాడుటకు ముందు ప్రతిసారియు కుదుపవలయును.

ఈ మూడింటిలో ఒక్కొక్కదాని పని యొక్కొక్కటి. లక్క గట్టిపూత నిచ్చును. స్పిరిటు దానిని మోసికొని వచ్చి తాను ఆవిరియై పోవును. నూనె గుడ్డ అంటుకొనకుండ జారుడు నిచ్చి, పోగులకు నిండు రంగు తెచ్చును. నూనె యన ఏ నూనె యైనను చాలదు. అవిసె గింజల నూనె గాలి సోకి గట్టిపడును. కుసుమ నూనెయు మెల్లగా గట్టిపడును. వేరుసెనగ నూనె, కొబ్బరి నూనె ఎన్ని నాళ్ళకైనను ఆరవు. జిడ్డై, దుమ్ము పట్టి, కమరు కంపు కొట్టును. అంగడిలో మరిగించిన అవిసె నూనె యని డబ్బాలలో అమ్మునది త్వరగా ఆరుటకై లోహపు ఉప్పులు కలిపినది. మంచపు కోళ్ళకు అది చెల్లును. బిడ్డల వస్తువులకు ఏమియు కలపని పచ్చి అవిసె నూనెయే వాడి, ఆరుటకు ఎక్కువ దినములు విడువవలయును.

స్పిరిటులో కరగిన లక్కకు ఆయుస్సు కలదు. నెలలు గడచిన కొలది అది ఆరెడి శక్తిని కోలుపోవును. ఆరు నెలలు దాటిన సీసాను పరీక్షింపక వాడరాదు. నూనె కలుపకముందు లక్కనీరు ఒక బొట్టు గాజు పలకపై వేసి చూడుడు. కొంతసేపటికి గోటికి గట్టిగా తగిలినచో మంచిది; బంకగా సాగినచో పాఱవేయవలసినదే. కలిపిన తేదీ సీసాపై వ్రాసి అంటించు అలవాటు పనివానికి గౌరవము తెచ్చును.

పూయు విధమును చెప్పెదను. మెఱుగు లోపములలో పెక్కింటికి మూలము మెఱుగు కాదు, దాని క్రింది గరుకు. ఉలిపని ముగిసిన పిదప గరుకు కాగితము 120 సంఖ్యతో మొదలిడి 180, 240, 320, 400 వఱకు వరుస తప్పక పోవలయును. ఒక మెట్టు దాటవేసినచో దాని గీతలు మెఱుగు క్రింద వలయములై కనబడును. మెఱుగు వానిని కప్పదు, ఇంకను ఎత్తిచూపును. ప్రతి మెట్టు చివరను తరిమెన నాపి, పోగు వెంట నాలుగు సార్లు చేతితో రుద్దినచో ఆ వలయములు పోవును. పిదప ఉలి క్రింద రాలిన సన్నని పొట్టును గుప్పెడు తీసి, తిరుగుచున్న వస్తువున కొత్తిపట్టవలయును. కొయ్యతోనే కొయ్యకు వచ్చు ఈ నునుపు దేనితోను రాదు. చివరకు ధూళిని పూర్తిగా తుడువవలయును. టేకు వంటి నూనెగల కొయ్యను స్పిరిటు తడిపిన గుడ్డతో ఒకసారి తుడుచుట మంచిది.

అప్పుడు తరిమెన నాపి, చిన్న మెత్తని గుడ్డముక్కను గాని కాగితమును గాని మెఱుగుతో తడిపి, వస్తువంతటను పలుచగా పూయవలయును. తరిమెనను మెల్లగా త్రిప్పుచు ఆ గుడ్డనే మృదువుగా ఆనించి, వడి పెంచిన కొలది ఒత్తిడి పెంచవలయును. వ్రేలికి వెచ్చదనము తెలియవలెను గాని కాలరాదు. ఒక చివర నుండి మఱియొక చివరకు నిలువక గుడ్డ నడువవలయును. ఒక్క చోట నిలిచినచో అచ్చట లక్క కరగి లేచిపోవును. గుడ్డ పట్టి లాగి చారలు పడినచో పూత మందమైనదని గ్రహించి, ఒక చుక్క నూనె వేసికొనవలయును. ఇట్లు పలుచని పూతలు రెండు మూడు చాలును. ఒక్క మందపు పూత కంటె మూడు పలుచని పూతలు మేలు.

వానకాలమున నొక చిక్కు కలదు. గాలిలో తేమ యెక్కువైనప్పుడు ఆరుచున్న లక్కలో నీరు చిక్కి పూత పాలవలె తెల్లబడును. అట్టి దినములలో పని మానుట ఉత్తమము. తప్పనిచో పొడియైన మధ్యాహ్నపు వేళ చూచికొనవలయును. తెల్లబడినదానిపై స్పిరిటు తడి గుడ్డతో పలుచగా ఒకసారి తుడిచినచో తఱుచుగా కుదురును.

ఇప్పుడు ఎన్నికకు వత్తము. ఏ వస్తువునకు ఏ మెఱుగు?

మంచపు కోళ్ళు, తొట్టి కమ్ములు, కుర్చీ చేతులు, గోడకు కొట్టు మేకులు, అలంకారపు దీపపు సెమ్మెలు, ఇట్టి పొడిచోట ఉండు వస్తువులకు ద్రవపు లక్కమెఱుగు చాలును. అయితే చేతి చెమటకు అది క్రమముగా మాయును. నిత్యము చేత తిరుగు బొంగరములకు, గిలకలకు పొడి లక్క పూత మందముగా ఉండును గనుక ఎక్కువ కాలము నిలుచును. మంచము కాలి అడుగుభాగము నేల కడిగిన నీటిలో నానునది. అచ్చట లక్క నిలువదు. అడుగున నాలుగు వ్రేళ్ళ మేర వేఱు వార్నీషు పూయించుకొనుట తెలివి.

కవ్వము, పప్పుగుత్తి, తెడ్డు, అప్పడముల కర్ర, వీనికి లక్క పనికిరాదు. వేడి, తడి, సబ్బు, సోడా నాలుగును లక్కకు శత్రువులు. అట్టివానికి అవిసె నూనె ఒక్కటియే పట్టించి, పైన మిగిలినదానిని తుడిచి, మూడు నాలుగు వారములు ఆరనిచ్చి వాడుట మంచిది. ఏమియు పూయక నునుపు చేసి విడిచినను తప్పు లేదు. మన పూర్వుల కవ్వములకు మెఱుగు పెట్టినది వెన్నయే కదా.

తేనెమైనముతోను ఒరపిడి మెఱుగు పెట్టవచ్చును. మైనపు ముద్దను తిరుగు కొయ్యకు తాకించి గుడ్డతో ఒత్తినచో కరగి పట్టును. చూపునకు ఇంపు, చేతికి హాయి. కాని మైనము మెత్తనిది, నీటిని ఎక్కువ సేపు ఆపలేదు, వ్రేలిముద్రలు పడును. లక్కపై మైనము పూయవచ్చును. మైనముపై లక్క నిలువదు. ఈ వరుస మాత్రము మఱువరాదు. ఇంటి బయట, వానకు ఎండకు నిలువవలసిన కటకటాల స్తంభములకు లక్కయు వలదు, మైనమును వలదు. అవి వార్నీషు పని.

లక్కకు ఇంకొక సుగుణము కలదు. పాత లక్కపై స్పిరిటు పడినచో అది మఱల కరగును గనుక క్రొత్త పూత పాతదానితో ఏకమగును. తాతనాటి తొట్టి కాంతి తగ్గినచో గీకివేయ నక్కఱ లేదు. మఱుగు చోట స్పిరిటు బొట్టు నొక్కటి వేసి చూడుడు. నిమిషములో బంకబంకగా నైనచో అది లక్కయే. తుడిచి క్రొత్త మెఱుగు పెట్టించుకొనవచ్చును. ఏమియు కాకున్నచో అది రంగో వార్నీషో అగును. పాత రంగైనచో మఱింత జాగ్రత్త కావలయును. ఆ జాగ్రత్త ఏల యన్నది చెప్పవలసిన ముఖ్యాంశము.

పసుపుపచ్చ రంగు సంగతి తీసికొందము. మన వేల్పూరు, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతము పసుపు పంటకు ప్రసిద్ధి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రముగా నెలకొన్నది. లక్కకు పచ్చని రంగు నిచ్చుటకు ఏటికొప్పాకలో వాడు ద్రవ్యములలో మన పసుపు ఒకటి. ఎఱుపు, నారింజ వన్నెలకు జాఫ్రా గింజలు, నీలమునకు నీలిమందు, పసుపును నీలిని కలిపిన ఆకుపచ్చ. పసుపు రంగు నీటిలో సరిగా కరగదు గాని స్పిరిటులో చక్కగా కరగును. కావున ద్రవపు మెఱుగునకు రంగు కావలసినప్పుడు, స్పిరిటులో పసుపుపొడిని రాత్రి నానవేసి, తేరిన పచ్చని స్పిరిటును వంచుకొని, దానిలో లక్కను కరగించిన చాలును.

అంగడిలో ఇంకొక పచ్చరంగు కలదు. అది సీసము, క్రోమియము చేరిన రసాయనము. కన్నులు చెదరునట్లు మెఱయును, ఎండకు వెలయదు, చవుకగా దొరకును. కాని సీసము విషము. అది పెద్దలకును హాని చేయును. పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. ఇంత సీసము వఱకు భయము లేదని చెప్పదగిన హద్దు ఏదియు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బంగ్లాదేశమున వంటపసుపునకే వన్నె కొఱకు ఈ రసాయనమును కలిపినందున గ్రామీణుల రక్తములో సీసము చేరినదని పరిశోధకులు 2019లో వెల్లడించిరి. పసుపు పండించు మనకు ఈ వార్త రెండు విధముల పట్టవలసినది. మన పంట పేరును చెఱచునదియు, మన బిడ్డల బొమ్మను చెఱచునదియు ఆ యొక్క దొంగ పసుపే.

మన దేశమున గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నిబంధన చేసిరి. అది 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగులలో సీసము మిక్కుటముగ నుండుట కద్దు. అందుచేతనే పాత రంగు తొట్టిని ఇంటిలో పొడిగా గీకి ధూళి లేపరాదని హెచ్చరించుచున్నాను. బొమ్మల విషయమున 2021 జనవరి 1 నుండి నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసిరి. కాని నమోదైన హస్తకళాకారులు చేసిన బొమ్మలను ఆ నిబంధన నుండి మినహాయించిరి. చిన్న పనివాడు పరీక్షల ఖర్చు భరింపలేడు గనుక ఆ మినహాయింపు న్యాయమైనదే. అయితే చట్టము మినహాయించినను బిడ్డ నోరు మినహాయింపదు. పరీక్షశాల చేయని పనిని పనివాని మనస్సాక్షియు, కొనువాని ప్రశ్నయు చేయవలసి యున్నది. ఇందుకే ఈ మాటలను పెద్దల సన్నిధిని విన్నవించుకొనుచున్నాను.

నిజము చెప్పవలెనన్న, మన పసుపునకును లోపమున్నది. ఎండలో వెలయును. సబ్బు, సున్నము తగిలినచో ఎఱ్ఱబడును. పసుపులో సున్నము కలిపి పారాణి చేయు స్త్రీలకు ఈ సంగతి బాగుగ తెలియును. కావున పసుపు లక్క పూసిన బొమ్మను కిటికీలో ఎండకు పెట్టరాదు, సబ్బుతో కడుగరాదు, పొడిగుడ్డతో తుడువవలయును. ఏడాదికి కొంత రంగు తగ్గినదని పనివానిని నిందింపరాదు. తగ్గెడి రంగు ఆరోగ్యమునకు చెల్లించిన చిన్న సుంకము. ఎన్నడును తగ్గని రంగునే అనుమానింపవలయును. పైన పటారము లోన లొటారము అను సామెత ఇట్టి వస్తువులను చూచియే పుట్టినదేమో.

పనివానికి కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింపునకు వత్తును. తిరుగు తరిమెన చేతిలోని పొడవైన గుడ్డను లాగికొన్నచో వ్రేళ్ళను కూడ లాగును. కావున గుడ్డను వ్రేలికి చుట్టుకొనరాదు. అఱచేతిలో ఇముడు చిన్నముక్కను పట్టుకొనవలయును. అన్నిటికంటె కాగితము క్షేమము, పట్టుబడినచో చినిగిపోవును. కండువాను తీసి దండెము మీద వేయవలయును, చొక్కా చేతులు మడువవలయును. స్పిరిటు త్వరగా అంటుకొనును. బీడీ, పొయ్యి, దీపము దగ్గఱ ఉండరాదు. వడ్రంగి పనికి అమ్ము స్పిరిటు త్రాగుటకు గాదు, విషము కలిపినది. దాని ఆవిరి కన్నులకు తలకు చేటు, తలుపులు తెఱచి పని చేయవలయును. కొయ్యధూళి ఊపిరితిత్తులకు పగ; ముక్కునకు గుడ్డ కట్టుకొనవలయును.

అన్నిటికంటె తెలియని అపాయము నూనె గుడ్డలది. అవిసె నూనె ఆరునప్పుడు తనంతట తానే వేడి పుట్టించును. ఆ గుడ్డలను ముద్దచేసి మూలకు విసరినచో, నిప్పురవ్వ యైనను లేకయే కొన్ని గంటలకు మండుట కలదు. చుట్టును పొట్టు ఉన్న దుకాణమున అది ఎంత ప్రమాదమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. వాడిన గుడ్డలను విప్పి ఒంటిపొరగా ఆరుబయట తీగపై ఆరవేయవలయును, లేదా నీటిలో ముంచి యుంచవలయును.

పెద్దలారా, ఈ మెఱుగులోని ద్రవ్యములను ఒకసారి తలచుకొనుడు. లక్కపురుగు మన మోదుగ చెట్టున బ్రదుకును. స్పిరిటును చెఱకు మడ్డి నుండి తీయుదురు. బోధను చక్కెర కర్మాగారము 1937లో పుట్టి 2015లో మూతపడినను, చెఱకు ఎఱుగని రైతు ఈ సీమలో లేడు. అవిసె గింజలు దక్కను రేగడి చేలకు క్రొత్తవి కావు. పసుపు మన చేనిదే. విదేశపు డబ్బా లేకయే మన పనివాడు మేలైన మెఱుగు పెట్టగలడు. అతనికి కొఱవడినది సరకు కాదు. మేలైన పనిని గుర్తించి అడుగువారు.

కావున ఇకమీద వస్తువును పురమాయించునప్పుడు మూడు మాటలు అడుగుడు. ఇది ఎవరి చేతికి పోవునది, దానికి తగిన మెఱుగు ఏది? రంగు దేని నుండి తీసినది? ఆరుటకు ఎన్నినాళ్ళు విడిచితివి? ఈ మూడింటికి తడబడక బదులు చెప్పిన పనివానికి అడిగిన కూలి నిండుగా ఇండు. రసాయనపు రంగు ఒక పూటలో ముగియును. పచ్చి అవిసె నూనెతో చేసిన మెఱుగునకు ఓపిక కావలయును. ఆ ఓపికకు వెల ఇయ్యక, తక్కువ ధరకు త్వరగా కావలెనని ఒత్తిడి చేసినచో, పనివాడు డబ్బా రంగు పట్టుటలో ఆశ్చర్యము లేదు. అప్పుడు తప్పు అతనిది యొక్కనిదే కాదు.

తొట్టి కమ్మిని పండ్లు వచ్చెడి బిడ్డ కొఱుకుట సహజము. దానిని మాన్పింప మన తరము కాదు. ఆ కమ్మిపై ఏమి పూసినారో చూచుట మాత్రము మన తరమే.